కాగితంలో పువ్వు ముందే ఉందా?

బల్లమీద గాజుపలక, దాని కింద వెలుగుతున్న బల్బు. గాజుమీద తామరపువ్వు ఆకారం కత్తిరించిన స్టెన్సిల్, స్టెన్సిల్ మీద తెల్లటి అట్ట. గుండ్రటి మొన ఉన్న ఇనుప పుల్ల ఉంటే మంచిది, లేకపోతే సిరా అయిపోయిన బాల్‌పెన్ను చాలు. వెలుతురు కనిపిస్తున్న అంచు వెంబడే మెల్లగా నొక్కుకుంటూ పోవాలి. తొందరపడితే అట్ట చిరుగుతుంది. ముందుగా కాస్త మైనం రాసుకుంటే మొన జారుతూ సాగుతుంది. పని అయ్యాక అట్టను తిరగేస్తే రేకలు విప్పుకున్న పువ్వు ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. దానికి సిరా అంటలేదు, జిగురు తగల్లేదు, రంగు పడలేదు. ఇందాకటి అట్టే ఇది. తూకం వేస్తే పువ్వు వల్ల కొత్తగా చేరిన బరువేమీ ఉండదు.

మరి ఆ పువ్వు ఎక్కడినుంచి వచ్చినట్టు?

చేత్తో గ్రీటింగ్ కార్డు చేసే ప్రతి ఒక్కరూ ఈ ప్రశ్నను వేళ్ళతో తాకి కూడా పక్కనపెట్టి ముందుకు పోతారు. నిజానికి ఇది భారతీయ దర్శనాలన్నీ పట్టుబట్టి చర్చించిన ప్రశ్న. కార్యం, అంటే పుట్టిన వస్తువు, పుట్టకముందు తన కారణంలో ఉందా, లేదా? ఉంటే పుట్టడం అన్న మాటకు అర్థమేమిటి? లేకపోతే లేనిది ఎలా వచ్చింది? కుండ, నగ, బట్ట, పెరుగు అంటూ ఇంట్లో కనిపించే వస్తువులనే ఎదురుగా పెట్టుకుని ఆ పండితులు శతాబ్దాల తరబడి వాదించుకున్నారు. కార్డు వెనక నేపథ్యానికి గరుకుదనం తెచ్చే పద్ధతులను ఒక్కొక్కటిగా చేసి చూస్తే, ఆ వాదాలన్నీ వరసగా మన బల్లమీదికే వచ్చి కూర్చుంటాయి.

నేపథ్యం అనగానే పనిలో అది చిన్న భాగమనిపిస్తుంది. సంక్రాంతికీ, కొత్త సంవత్సరానికీ షాపుల ముందు బల్లలమీద పరిచిన కార్డులను ఏరి కొనుక్కున్న తరానికి వాటిమీది బొమ్మ గుర్తుంటుంది, రాసిన మాట గుర్తుంటుంది, వెనకనున్న రంగు గుర్తుండదు. పనివాళ్ళ లెక్క అది కాదు. 1840ల చివర్లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, వూస్టర్ పట్టణంలో ఎస్తర్ హౌలాండ్ అనే యువతి వాలెంటైన్ కార్డుల వ్యాపారం మొదలుపెట్టింది. లేసులా చిల్లులు పొడిచిన కాగితం కింద చిన్న రంగు కాగితం ముక్క అతికించడం ఆమె పనితనానికి గుర్తుగా నిలిచింది. తెల్ల కాగితం మీద తెల్ల లేసు కంటికి ఆనదు. కింద రంగు పడితేనే ఒక్కొక్క చిల్లూ కనిపిస్తుంది.

మొదటి పద్ధతి ముద్ద పూయడం. సుద్దపొడి, తెల్ల జిగురు, కొంచెం అక్రిలిక్ రంగు కలిపి వెన్నంత చిక్కగా చేసుకోవాలి. స్టెన్సిల్‌ను అట్టకు కదలకుండా అంటించి, పాత ఏటీఎం కార్డు అంచుతో ఆ ముద్దను ఒక్క వాటుగా లాగాలి. స్టెన్సిల్‌ను పక్కకు జరపకుండా నిలువుగా పైకెత్తాలి, వెంటనే నీళ్ళలో వెయ్యాలి. ముద్ద ఆరి గట్టిపడితే అట్టమీద గోడకు తాపడం చేసినట్టు పువ్వు నిలుస్తుంది.

ఈ పువ్వును చూస్తే న్యాయ వైశేషికులు తమ పక్షం గెలిచిందంటారు. పదిహేడో శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం దేశమంతటా తర్కం నేర్చుకునేవాళ్ళకు తొలి పాఠ్యగ్రంథం. కార్యం అంటే ఏమిటో అందులో సూటిగా నిర్వచించాడు. పుట్టుకకు ముందు ఒక వస్తువు లేకపోవడాన్ని ప్రాగభావం అంటారు. ఏ వస్తువుకు ఆ ప్రాగభావం ఉంటుందో అదే కార్యం. అంటే ముందు లేదు, ఇప్పుడు కొత్తగా వచ్చింది. దీనికే ఆరంభవాదమని పేరు. అన్నంభట్టు చూపిన ఉదాహరణ నేతపని నుంచి తీసుకున్నది. బట్టకు దారాలు సమవాయి కారణం, దారాల కలయిక అసమవాయి కారణం, నాడె, మగ్గం లాంటివి నిమిత్త కారణం. ముద్ద పువ్వుకు కూడా ఇదే లెక్క సరిపోతుంది. సుద్దరేణువులు సమవాయి కారణం, జిగురుతో అవి ఒకటికొకటి పట్టుకోవడం అసమవాయి కారణం, స్టెన్సిలూ చెయ్యీ నిమిత్త కారణం. అట్టమీద నిన్న లేని వస్తువు ఇవాళ ఉంది. కావాలంటే తూచి చూసుకోవచ్చు, బరువు పెరిగింది.

రెండో పద్ధతి మొదట చెప్పిన నొక్కుడు పని. ఇక్కడ తక్కెడ నైయాయికుడికి, అంటే న్యాయదర్శనం వాడికి, సాక్ష్యం చెప్పదు. సాంఖ్యులు ముందుకొస్తారు.

ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారికలో తొమ్మిదో కారిక, కార్యం కారణంలో ముందే ఉందనడానికి ఐదు హేతువులు చెబుతుంది. లేనిదాన్ని ఎవరూ పుట్టించలేరు. ప్రతి పనికీ దానికి తగిన ముడిసరుకునే వెతుక్కుంటాం. అన్నిటినుంచీ అన్నీ పుట్టవు. శక్తి ఉన్న కారణం తనకు సాధ్యమైన కార్యాన్నే ఇస్తుంది. కార్యం కారణస్వభావానికి వేరుగా ఉండదు. నువ్వుల నుంచి నూనె వస్తుంది గానీ ఇసుక నుంచి రాదు కదా అని వ్యాఖ్యాతలు అడుగుతారు. కార్డు చేసేవాళ్ళకు ఇదంతా అనుభవమే. వార్తాపత్రిక కాగితం మీద ఇలా నొక్కితే చిరుగు తప్ప పువ్వు రాదు. 200 నుంచి 250 జీఎస్ఎమ్ ఉన్న మంచి అట్ట అయితే మొన ఎటు నొక్కితే అటు సాగుతుంది, సాగినచోట అలాగే నిలబడుతుంది. లోపలి నార పొడుగ్గా, ఒత్తుగా అల్లుకుని ఉంటే ఉబ్బును మోస్తుంది. ఆ సత్తువ కాగితంలోదే. పువ్వును చెయ్యి తేలేదు, దాచి ఉన్నదాన్ని బయటపెట్టింది అంటారు సాంఖ్యులు.

నైయాయికుడు ఊరుకోడు. పువ్వు ముందే ఉంటే గంటసేపు వంగి కూర్చుని నొక్కడమెందుకు అని అడుగుతాడు. ఉన్నదాన్ని వ్యక్తం చెయ్యడానికి అని సాంఖ్యుడి జవాబు. అయితే ఆ వ్యక్తం కావడమైనా ముందే ఉందా, లేదా? ఉంటే నొక్కడం దండగ. లేకపోతే కనీసం ఒక్కటైనా కొత్తగా పుట్టిందని ఒప్పుకున్నట్టే. భారతీయ తర్కంలో ఇంత పదునైన ప్రశ్నలు తక్కువ.

ఈ పదును తగలకుండా బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం వస్త్రాన్నే దృష్టాంతంగా తీసుకుంది. చుట్టచుట్టి పెట్టిన బట్టను చూస్తే అది చీరో ధోవతో, పొడుగెంతో, వెడల్పెంతో తెలియదు. విప్పి పరిస్తే అన్నీ తెలుస్తాయి. అలాగని పరిచింది వేరే బట్ట కాదు. శంకరుడు తన భాష్యంలో ఈ ఉదాహరణను ఇలాగే విప్పి చెప్పాడు. రామానుజుడూ కార్యకారణాలు వేరు కావనే అంటాడు. కానీ మార్పు కంటికి తోచినది మాత్రమే అని శంకరుడి అద్వైతం అంటే ఒప్పుకోడు. చేతన అచేతనాలను శరీరంగా గల బ్రహ్మం సూక్ష్మస్థితిలో ఉంటే కారణం, స్థూలస్థితిలో ఉంటే కార్యం. స్థితి మారడం నిజం. ఉబ్బిన రేకమీద వేలు పెడితే ఉబ్బు తగులుతుంది. తగిలేదాన్ని భ్రమ అనడం విశిష్టాద్వైతికి సమ్మతం కాదు.

అద్వైతికి కావలసిన సాక్ష్యం మూడో పద్ధతిలో దొరుకుతుంది. ఇది అన్నిటికన్నా తేలిక, చూసేవాళ్ళను అన్నిటికన్నా ఎక్కువ ఆశ్చర్యపరిచేదీ ఇదే. పల్చటి ప్లాస్టిక్ కవరును నలిపి ఉండచుట్టి, పళ్ళెంలో పరిచిన రంగులో అద్ది, అట్టమీద తేలిగ్గా ఒత్తుతూ పోవాలి. మొదట లేతరంగు, అది ఆరాక ముదురురంగు. కాసేపటికి అట్ట ముడతలుపడ్డ తోలులా, వాననానిన పాతగోడలా కనిపిస్తుంది. కార్డు అందుకున్నవాళ్ళు అనుకోకుండా వేలితో రాసి చూస్తారు. నున్నగా ఉంటుంది. ముడత అక్కడ ఎప్పుడూ లేదు.

వివర్తమంటే ఇదే. వస్తువు మారకుండానే మారినట్టు తోచడం. ఛాందోగ్య ఉపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు తన కొడుకు శ్వేతకేతువుకు మట్టిముద్దనూ, బంగారాన్నీ, గోళ్ళు తీసే ఇనుప పనిముట్టునూ చూపించి బోధ మొదలుపెట్టాడు. మట్టిని తెలుసుకుంటే మట్టితో చేసినవన్నీ తెలిసినట్టే, కుండా మూకుడూ అనేవి పేర్లే అన్నాడు. శంకర సంప్రదాయం దీన్ని చివరిదాకా తీసుకెళ్ళి, ఉన్నది కారణమొక్కటే అని తేల్చింది. నలిపిన కవరుతో అద్దిన అట్టమీద ఆ మాటను పక్షపాతం లేకుండా పరీక్షించవచ్చు. కన్ను ఒకటి చెబుతుంది, వేలు ఇంకొకటి చెబుతుంది. వేలు చెప్పింది తెలిశాక కూడా కంటికి ముడత కనిపిస్తూనే ఉంటుంది. జ్ఞానం కలిగినంత మాత్రాన కనిపించడం ఆగిపోదన్నది అద్వైత గ్రంథాలు మళ్ళీ మళ్ళీ చెప్పే విషయం. ఎండమావి అని తెలిసినా నీళ్ళలాగే మెరుస్తుంది.

ఇక నాలుగోది, పిల్లలు ఇష్టపడే నురగ పద్ధతి. గడ్డం గీసుకునే నురగను పళ్ళెంలో సమంగా పరిచి, దానిమీద రంగు చుక్కలు వేసి, అగ్గిపుల్లతో అటూ ఇటూ గీస్తారు. అట్టను బోర్లించి తేలిగ్గా అద్ది, తీసి, అంటుకున్న నురగను స్కేలుతో గీకేస్తే పాలరాతి చారలు మిగులుతాయి. టర్కీలో ఎబ్రూ అనే కళ ఇలాంటిదే, కాకపోతే ఎన్నోరెట్లు సూక్ష్మమైనది. జిగురుతో చిక్కబరచిన నీటిమీద రంగులు తేలించి, ఆ చిత్రాన్ని కాగితం మీదికి ఎత్తుకుంటారు. 2014లో యునెస్కో దీన్ని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఒకసారి వచ్చిన చార మరోసారి రాదు.

ఇది యాదృచ్ఛికమేనా? శ్వేతాశ్వతర ఉపనిషత్తు మొదట్లోనే జగత్తుకు కారణమెవరని అడుగుతూ కాలం, స్వభావం, నియతి, యదృచ్ఛ, భూతాలు, పురుషుడు అంటూ ఒక జాబితా చెప్పి, వాటిలో దేనితోనూ తృప్తిపడక ముందుకు సాగుతుంది. యదృచ్ఛ అంటే కారణం లేకుండా దానంతట అది జరగడం. ఎబ్రూ పనివాళ్ళు రంగులో ఎద్దు పిత్తం కలుపుతారు. అది నీటి తలతన్యతను తగ్గించి రంగును విచ్చుకునేలా చేస్తుంది. చుక్క ఎక్కువైతే రంగు మరీ పరుచుకుంటుంది, తక్కువైతే అడుగుకు మునుగుతుంది. కాబట్టి చార ఎటు పోతుందో చెయ్యి ముందుగా చెప్పలేకపోయినా దానికి కారణాలు లేకపోలేదు. మనకు తెలియకపోవడాన్ని కారణం లేకపోవడంగా పొరబడకూడదని ఈ పళ్ళెం నేర్పుతుంది.

ఈ పక్షాలన్నిటినీ ఒకేచోట నిలదీసినవాడు బౌద్ధాచార్యుడు నాగార్జునుడు. కృష్ణాతీరంలోని నాగార్జునకొండకు ఆయన పేరే నిలిచింది. ఆయన మూలమధ్యమకకారిక మొదటి ప్రకరణమే ఈ చర్చతో మొదలవుతుంది. ఏ వస్తువూ తననుంచి తాను పుట్టదు, వేరొకదాని నుంచి పుట్టదు, రెండిటి నుంచీ పుట్టదు, కారణం లేకుండానూ పుట్టదు అన్నది ఆయన తేల్చిన మాట. వినగానే విసుగు పుట్టే మాటే. తెల్ల అట్టమీద తెల్లగా ఉబ్బిన పువ్వును కిటికీ దగ్గరికి తీసుకెళ్తే ఆ విసుగు కొంత తగ్గుతుంది. వెలుతురు పక్కనుంచి పడితే ఒక్కొక్క రేకకూ నీడ ఏర్పడి పువ్వు స్పష్టంగా కనిపిస్తుంది. అదే కార్డును బల్బుకు సరిగ్గా ఎదురుగా పట్టుకుంటే పువ్వు దాదాపు మాయమైపోతుంది. కాగితం, మొన, స్టెన్సిల్, పక్కవాటు వెలుతురు, చూసే కన్ను ఇవన్నీ కలిస్తేనే అది పువ్వు. వీటిలో ఏ ఒక్కటీ పువ్వు తనదని చెప్పుకోలేదు.

ఇన్ని పక్షాలు విన్నాక విద్యారణ్యుల దగ్గరికి రాక తప్పదు. పద్నాలుగో శతాబ్దంలో శృంగేరి పీఠాన్ని అధిష్ఠించిన ఆయన పేరుమీద వెలసిన పంచదశిలో ఆరో ప్రకరణం పేరు చిత్రదీపం. సృష్టి ఎలా ఏర్పడిందో చెప్పడానికి అందులో తీసుకున్న ఉపమానం కుండా కాదు, బంగారమూ కాదు. బొమ్మ వేయడానికి బట్టను సిద్ధంచేసే పని. అది నాలుగు దశలు. ఉతికి తెల్లబరిచిన బట్ట ధౌతం. గంజి పెట్టి బిగువు తెచ్చినది ఘట్టితం. గీతలు గీసినది లాంఛితం. రంగులు నింపినది రంజితం. శుద్ధచైతన్యం, అంతర్యామి, సూత్రాత్మ, విరాట్టు అనే నాలుగూ వరసగా వీటివంటివే అంటుంది ఆ గ్రంథం. అందరి కళ్ళూ పడే రంగు వచ్చేది ఆఖరి దశలో మాత్రమే. మొదటి రెండు దశలూ పూర్తిగా నేపథ్యానివే.

ఆ ఉపమానం ఊహలోంచి పుట్టింది కాదని తెలుగునేల ఇప్పటికీ చూపిస్తుంది. తెలంగాణలోని చేర్యాలలో నకాశీ చిత్రకారులు ఖాదీ గుడ్డకు గంజి, తెల్ల సుద్ద, ఉడికించి నూరిన చింతగింజల ముద్ద, జిగురు కలిపి పూత పూస్తారు. ఒక పూత పూర్తిగా ఆరాకే మరొకటి. ఆ తర్వాతే కుంచె పట్టుకుంటారు. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను కరక్కాయ కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. బెల్లంతో ఇనుపముక్కలను పులియబెట్టి తీసిన కసిమిలో కలాన్ని ముంచి గీస్తే, కరక్కాయ ఎక్కిన గుడ్డమీద ఆ గీత నల్లగా తేలుతుంది. ఇనుము కరక్కాయలోని వగరుతో కలిసి నలుపు పుట్టిస్తుంది. కరక్కాయ పెట్టని గుడ్డమీద గీస్తే ఆ నలుపు రాదు. ఇక్కడ గీతను కలం ఎంత గీసిందో నేపథ్యమూ అంతే గీసింది. నలుపు గుడ్డలో ముందే ఉందా, కలంలో ఉందా అని నైయాయికుడూ సాంఖ్యుడూ శ్రీకాళహస్తిలో కూర్చుని వాదించుకోవచ్చు.

చిత్రదీపం ఇంకో సూక్ష్మమైన సంగతి చెబుతుంది. తెరమీద వేసిన మనుషులకు చిత్రకారుడు బట్టలు కూడా వేస్తాడు. ఆ బట్టలు, బొమ్మకు ఆధారంగా ఉన్న అసలు బట్టలాగే కనిపిస్తాయి. కానీ వాటిని కట్టుకోలేం, చలికి కప్పుకోలేం. జీవుడిలో మెరిసే చైతన్యాభాస కూడా అధిష్ఠానమైన చైతన్యాన్ని పోలిన ఇలాంటి బొమ్మబట్టే అంటుంది. బొమ్మలో కొండలకు మాత్రం ఎవరూ బట్టలు వేయరు. రాయీ మట్టీ వంటి జడాలలో ఆ ఆభాస ఉండదని అలా వివరిస్తుంది. చిత్రకారుడి పనిని పక్కనే కూర్చుని చూసిన మనిషికి తప్ప ఈ పోలిక తట్టదు.

ఇంత వాదన పువ్వు కోసమూ కాదు, కుండ కోసమూ కాదు. అసలు విషయం మోక్షం. చేసి సాధించగలిగినదేదైనా కొత్తగా పుట్టినదే. పుట్టినది పోక తప్పదు. మరి మోక్షం చేస్తే వచ్చేదైతే ఒకనాడు పోతుంది కూడా. శంకరుడు కర్మఫలాలను నాలుగుగా విడగొట్టాడు. పుట్టించేది, చేరుకునేది, మార్చేది, శుద్ధిచేసేది. మోక్షం ఈ నాలుగిటిలో ఏదీ కాదని, అది ఎప్పుడూ ఉన్నదేనని, తెలియడమే కావలసిందని ఆయన సిద్ధాంతం. కార్డు బల్లమీద ఈ నాలుగూ ఉన్నాయి. ముద్ద పువ్వును పుట్టిస్తాం, కావలసిన అట్టను వెతికి చేజిక్కించుకుంటాం, నొక్కి దాని రూపం మారుస్తాం, అంటిన నురగను గీకి శుభ్రం చేస్తాం. కార్డు వీటితో తయారవుతుంది. మోక్షం వీటితో తయారుకాదు అంటాడు శంకరుడు.

నైయాయికుడు ఇక్కడా జవాబుతోనే ఉన్నాడు. అన్నంభట్టు చెప్పిన అభావాలలో ధ్వంసం ఒకటి. దానికి మొదలుంది, చివర లేదు. పగిలిన కుండ పగలడం ఎన్నటికీ పోదు. మోక్షమంటే దుఃఖం ధ్వంసం కావడమే కనుక, అది ఒకనాడు మొదలైనా శాశ్వతంగా ఉండటానికి అడ్డులేదని న్యాయమతం. అట్టను ఒక్కసారి మడిచి చూస్తే ఈ మాట బలం తెలుస్తుంది. మడత విప్పవచ్చు, పుస్తకాల బరువు కింద వారం రోజులు ఉంచవచ్చు. అక్కడ తెగిన నార మళ్ళీ అతుక్కోదు.

ఇందులో ఎవరి పక్షం ఒప్పు? ఒక్కొక్క దర్శనానికీ అనువైన పద్ధతి ఒక్కొక్కటి దొరికింది కదా అని అందరూ ఒప్పే అనడం చర్చను అవమానించడమే అవుతుంది. ఆరంభవాదం ముద్దకు సరిపోయింది గానీ నొక్కిన పువ్వు దగ్గర తడబడింది. సాంఖ్యుల పరిణామవాదం నొక్కిన పువ్వుకు సరిపోయింది గానీ, అద్దిన ముడతలో మారిన వస్తువేదో చూపలేకపోయింది. వివర్తవాదం ముడతను విప్పింది గానీ, వేలికి తగిలే ఉబ్బు ముందు ఎన్నో వివరణలు ఇచ్చుకోవలసి వచ్చింది. అన్నిచోట్లా నిలబడిన మాట ఒక్కటే, ఆధారాన్ని వదిలి చిత్రాన్ని వివరించలేమన్నది. విద్యారణ్యులు ఉపమానాన్ని రంగుతో మొదలుపెట్టక ఉతికిన బట్టతో మొదలుపెట్టారు. ఆ వరస మీద ఏ దర్శనానికీ అభ్యంతరం ఉండనక్కర్లేదు.

ఈ సంక్రాంతి సెలవుల్లో ఇంట్లో పిల్లలుంటే ఒక సాయంత్రం ఈ పద్ధతులన్నీ వాళ్ళతో చేయించండి. అట్ట, స్టెన్సిల్, సుద్దపొడి, జిగురు, రంగులు, నురగ, నలిపిన కవరు, పాత బాల్‌పెన్ను ఉంటే చాలు, ఖర్చు పెద్దగా ఉండదు. పువ్వు ఎక్కడినుంచి వచ్చిందో వాళ్ళనే అడగండి, జవాబు మాత్రం మీరు ముందుగా చెప్పకండి. చివర్లో నొక్కిన కార్డును వెనక్కి తిప్పి చూపించండి. ముందువైపు ఉబ్బిన ప్రతి రేకకూ వెనకవైపు పల్లం ఉంటుంది.